పాత ఆటలకు క్రొత్త అట్టబొమ్మలు

విజయవాడలోని పుస్తకముల దుకాణములను ఎఱుగని సోదరీమణులు మన పాఠకురాండ్రలో అరుదు. ఏలూరు రోడ్డునగల అంగళ్లలోగాని, 1989వ సంవత్సరమున మొదలైన పుస్తక మహోత్సవములోగాని అడుగిడినప్పుడు మన చేయి మొదట దేనిమీదికి పోవును? రచయిత పేరు చదువకముందే మనము అట్టబొమ్మను చూతుము. బాపుగారి బొమ్మ కనబడినంతనే, లోని కథ యేమో తెలియకున్నను, పుస్తకమును చేతిలోనికి తీసికొనువారు ఎందఱో కలరు. అట్ట చిరిగి బొమ్మ పోయిన పుస్తకము బీరువా మూలకు చేరును. దానిలో మాట యొక్కటియు తగ్గలేదు. అయినను దానిని తీసి చదువువారుండరు. ముఖము లేని వస్తువు ఇంటిలోనున్నను లేనట్లే యగుచున్నది.

ఈ దురవస్థయే నేడు మన యిండ్లలోని మఱియొక భాండాగారమునకు పట్టినది. అది కంప్యూటరులోని ఆటల భాండాగారము. పూర్వము కంప్యూటరు ఆట యనగా అంగడిలో కొని తెచ్చుకొను పెట్టె. పెట్టెమీద రంగుల బొమ్మ, లోపల ఫ్లాపీయో సీడీయో యుండెడివి. ఇప్పుడు పెట్టె పోయినది. ఆటను కొన్నచో అది తీగెవెంట వచ్చి కంప్యూటరులో చేరును. కంటికి కనబడునది తెరమీది చిన్న బొమ్మ మాత్రమే.

ఇట్టి ఆటల నమ్మువారిలో పెద్దది అమెరికాలోని వాల్వ్ కంపెనీవారు 2003 సెప్టెంబరున ప్రారంభించిన స్టీమ్ అను దుకాణము. అందు కొన్న ఆటలన్నియు లైబ్రరీ యను పుటలో బీరువాలోని పుస్తకములవలె వరుసగా నిలుచును. 2019 అక్టోబరులో వారు ఈ పుట రూపును మార్చిరి. అంతకు ముందు ప్రతి ఆటకును అడ్డముగా నుండు బొమ్మ యొకటి చాలెడిది. తెరమీది బొమ్మ మన ముగ్గువలెనే చుక్కలతో నేర్పడును; ఆ చుక్కకు పిక్సెలని పేరు. పాత బొమ్మ వెడల్పు 460, ఎత్తు 215 పిక్సెళ్లు. క్రొత్త పుటలోనో, పుస్తకపు అట్టవలె 600 వెడల్పు, 900 ఎత్తు గల నిలువు బొమ్మ కావలసి వచ్చినది. క్రొత్త ఆటలవారు నిలువు బొమ్మలు గీయించి యిచ్చిరి. పాత ఆటలలో కొన్నింటి సంస్థలు మూతపడినవి, కొన్ని చేతులు మారినవి. అట్టివానికి బొమ్మ గీయించువారెవరు? నిలువు బొమ్మ లేనిచోట పాత అడ్డబొమ్మనే కాంతిలేని పలకపై నుంచి చూపుట జరుగుచున్నది. తళతళలాడు క్రొత్త బొమ్మల నడుమ ఇట్టివి వెలిసిపోయిన గోడవలె కనబడును. క్రమముగా వానిని తెఱచువారుండరు.

“ఆటలు పిల్లల గొడవ గదా, మనకేల?” యని కొందఱనవచ్చును. అట్టివారు ఒక్క లెక్క వేసికొనవలెను. పాత ఆటలనగా 1990 దశకమునాటివి. ఆనాడు బందరులోనో గుడివాడలోనో విజయవాడలోనో కంప్యూటరు శిక్షణకు పోయిన బాలికలే నేటి తల్లులు. పాఠము ముగిసిన పిమ్మట మిగిలిన పది నిమిషములలో పేకముక్కల సాలిటేరు ఆడనివారు వారిలో ఎందఱు? కావున ఆ పాత ఆటలు పిల్లలవి కావు, తల్లులవి. ఆ సాలిటేరు 1990లో వెలువడిన విండోస్ 3.0తో వచ్చినది. దాని పేకముక్కల రూపులు దిద్దినది సూసన్ కేర్ అను చిత్రకారిణి. ముక్కల వెనుకవైపున ఏ బొమ్మ యుండవలెనో ఆడువారే యెన్నుకొనుటకు అందు వీలుండెడిది. ఆటకు మనకు నచ్చిన ముఖము పెట్టుట యను నలవాటు మనకానాడే తెలియును.

ఇంతకంటె చెప్పదగిన కథ మఱియొకటి కలదు. 1980లో అమెరికాలో రోబర్టా విలియమ్స్ అను గృహిణి తన వంటయింటి బల్లమీద కూర్చుండి మిస్టరీ హౌస్ అను ఆటను కల్పించెను. అందలి గీతల బొమ్మలను తానే గీసెను. భర్త కెన్ విలియమ్స్ వానిని యంత్రమున కెక్కించెను. బొమ్మలతో కూడిన సాహసకథల ఆటలకు అది తొలి మెట్టు. అందమైన పెట్టెలు చేయించుటకు వారికి స్తోమతు లేకుండెను. ఫ్లాపీని, అచ్చువేసిన కాగితమును ఒక ప్లాస్టికు సంచిలో పెట్టి అమ్మిరి. వారు స్థాపించిన సంస్థయే తరువాత సియెరా యను పేరుతో ప్రసిద్ధి కెక్కినది. అట్టబొమ్మ తనంతట పుట్టునది గాదనియు, ఇంటి బల్లమీద గీసినదియు అట్టబొమ్మ కాగలదనియు ఈ కథవలన తెలియుచున్నది.

కావున లోపమునకు ఉపాయము మన చేతిలోనే యున్నది. స్టీమ్ లైబ్రరీలో ఆట బొమ్మమీద మౌసు కుడిమీట నొక్కి, మేనేజ్ అను మాటను, అందులో సెట్ కస్టమ్ ఆర్ట్‌వర్క్ అను మాటను ఎన్నుకొనినచో, మన బొమ్మను చూపుమని యంత్రమే యడుగును. ఇతరచోట్ల కొన్న ఆటలను, పాత సీడీలలోని ఆటలను గూడ ఇదే లైబ్రరీలో చేర్చుకొని బొమ్మ పెట్టవచ్చును. పాత ఆటల నమ్ముటకే 2008లో పోలండు దేశమున మొదలైన జి.ఓ.జి. యను దుకాణమువారి గాలక్సీలోను ఇట్టి వీలు కలదు. స్టీమ్‌లో మనము పెట్టిన బొమ్మ మన కంప్యూటరులోనే యుండును, లోకులకు కనబడదు. నచ్చనిచో తీసివేయవచ్చును, అసలు బొమ్మ మరల వచ్చును. కావున మొదటి ప్రయత్నము బాగుండదేమో యని జంకవలసిన పని లేదు.

ఇక బొమ్మలు మూడు విధములు. నిలువు బొమ్మ అట్టవంటిది. ఆటను తెఱచినప్పుడు పైభాగమున పఱచుకొను వెడల్పు బొమ్మ రెండవది. దాని కొలత 1920కి 620, లేదా అంతకు రెట్టింపు. మూడవది ఆట పేరు వ్రాసిన అక్షరముల బొమ్మ. దీనికి వెనుక రంగు ఉండరాదు, అద్దమువలె తేటగా నుండవలెను. ఈ మూటికిని కావలసిన వన్నెలు మన కృష్ణా తీరముననే దొరకును.

నిలువు బొమ్మకు కొండపల్లి బొమ్మ తగును. తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అవయవముల నతికి, రంగులు వేసిన ఆ బొమ్మలు పుట్టుకతోనే నిలుచుండునవి. యుద్ధగజములు నడచు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగము (1999) వంటి ఆటకు అంబారీ యేనుగుకంటె ఏమి కావలెను? సంతలు, రంగులరాట్నములు కట్టించు రోలర్ కోస్టర్ టైకూన్ (1999)కు మన తిరునాళ్ల చిత్రము సరిపడును. రోమను నగరమును కట్టి, నీరు తెప్పించి, ధాన్యపు కొట్లు నింపవలసిన సీజర్ మూడవ భాగము (1998) ఆడిన డెల్టా ఆడుపడుచుకు కాలువ, గాదె జ్ఞాపకమునకు రాకుండునా? ఆ ఆటను నిర్మించిన ఇంప్రెషన్స్ సంస్థ 2004లో మూతపడినది. కాలువగట్టుమీది ధాన్యరాశిని గీసి దాని ముఖమున పెట్టుట మనవంతు గౌరవము.

వెడల్పు బొమ్మకు 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి చక్కనిది. ఒకటింబావు కిలోమీటరు వఱకు సాగిన ఆ ద్వారముల వరుస ఈ ఆకారమునకే కట్టినట్లుండును. లేదా పెడనలో టేకు అచ్చులతో నద్దిన కలంకారీ దుప్పటి నొకదానిని నేలపై పఱచి ఫొటో తీయవచ్చును. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానిన ఆ బట్టయొక్క మెత్తని పసిమి, పైనున్న అక్షరములను చక్కగా చూపును. ఆట పేరు సాధారణముగా ఎడమవైపున దిగువను నిలుచును గనుక ఆ భాగమున సందడి లేకుండ చూచుకొనవలెను.

చేయు విధము కష్టము కాదు. చిత్రలేఖనమునకు వాడు ఎ4 కాగితము వెడల్పు 21, ఎత్తు 29.7 సెంటీమీటర్లు. వెడల్పులో 1.2 సెంటీమీటర్లు తీసివేసినచో మిగిలినది సరిగా రెండుకు మూడు పాళ్లగును. అదియే 600కు 900. అందు నీటిరంగులతోగాని క్రేయానులతోగాని బొమ్మ వేయవలెను. ఆరిన పిమ్మట కిటికీవద్ద పగటి వెలుతురున, ఎండ నేరుగా పడకుండ, ఫోనును కాగితమునకు సమానాంతరముగా పట్టి ఫొటో తీయవలెను. కంప్యూటరులోని పెయింటులోగాని, ఉచితముగా లభించు జింప్ లోగాని అంచులు కత్తిరించి, కొలతకు తగ్గించి, పి.ఎన్.జి. రకముగా దాచవలెను. తెరమీద ఈ బొమ్మ చాల చిన్నదిగా కనబడును. కావున పెట్టుటకు ముందు రెండు బారల దూరమున నిలిచి చూడుడు. అక్కడినుండి ఏనుగు ఏనుగుగా కనబడనిచో, గీతలు తగ్గించి ఆకారమును పెద్దది చేయవలెను. పనితనము కంటె పోలిక ముఖ్యము. కంప్యూటరు మార్చునప్పుడు ఈ బొమ్మలు వాటంతట రావు. స్టీమ్ యొక్క యూజర్‌డేటా సంచిలోని గ్రిడ్ అను సంచిలో నుండు ఫైళ్లను నకలు తీసి భద్రపఱచుకొనవలెను.

ఇచ్చట కొన్ని కట్టుబాట్లు చెప్పక తప్పదు. ఇంటిలో ఒకరి భాండాగారమున మఱియొకరు చేయి పెట్టుటకు ముందు అడుగవలెను. ఒకరికి వెలిసిన బొమ్మ మఱియొకరికి ప్రియమైన జ్ఞాపకము కావచ్చును. ఆట యొక్క అసలు పేరును మాటుపఱుపరాదు. తెలుగు అక్షరములలో వ్రాసినను పేరు ఆ పేరే కావలెను. పరుల బొమ్మలను గూర్చి మఱింత జాగ్రత్త వలయును. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి చిత్రకారుని హక్కు అతని మరణానంతరము 60 సంవత్సరములుండును. 2014లో గతించిన బాపుగారి బొమ్మలకు ఈ హక్కు 2074 చివరవఱకు కలదు. పరుల బొమ్మను తెచ్చి మార్చి నలుగురికి పంచుటకంటె, వంకరగా వచ్చినను మన గీత మేలు. స్టీమ్‌గ్రిడ్‌డీబీ యనుచోట ఎందఱో ఔత్సాహికులు తాము చేసిన ఆటల బొమ్మలను ఉంచుచున్నారు; అచ్చట ప్రతి బొమ్మ ప్రక్కను ఉంచినవారి పేరుండును. ఆ పద్ధతి మనము నేర్వదగినది.

పేరును గూర్చియే మా ముఖ్యమైన మాట. 1980 ప్రాంతమున అటారీ కంపెనీవారు తమ ఆటలమీద నిర్మాతల పేర్లు వేసెడివారు కారు. అడ్వెంచర్ అను ఆటను నిర్మించిన వారెన్ రాబినెట్ అందులో ఒక రహస్యపు గదిని కట్టి తన పేరును దానిలో దాచెను. కష్టపడి వెదకినవారికే ఆ పేరు దొరకెడిది. పని చేసినవాడు తన పేరును దొంగవలె దాచుకొనవలసివచ్చినది! ఈ సంగతి చదివినప్పుడు మాకు మన యిండ్లు గుర్తునకు వచ్చినవి. మన అమ్మమ్మలు కుట్టిన దిండుగలీబులమీద పూవులున్నవి, చిలుకలున్నవి. కుట్టినవారి పేరు లేదు. పెండ్లిపీటలమీది రంగులు, అరుగులమీది ముగ్గులు ఎవరివో ఎవరును వ్రాసి యుంచలేదు. కొండపల్లిలో రంగులు వేయు స్త్రీల పేర్లను బొమ్మ కొనువారిలో ఎందఱు అడిగిరి? పని నిలిచి పేరు పోవుట మన ఆడువారికి క్రొత్త గాదు.

కావున, సోదరీమణులారా, ఈ చిన్న పనిలోనైనను ఆ పొరపాటు జరుగనీయకుడు. బొమ్మ వేసినది మీరైనచో దిగువ మూలను మీ పేరును, సంవత్సరమును చిన్న అక్షరములతో వ్రాయుడు. మీ అమ్మాయి వేసినచో ఆమె పేరు వ్రాయించుడు. ఫైలునకు పేరు పెట్టునప్పుడు గూడ ఆట పేరుతో బాటు గీసినవారి పేరు చేర్చుడు. కాగితము మీది అసలు బొమ్మను పాఱవేయక ఒక అట్టల మధ్య నుంచుడు. కంప్యూటర్లు పాడైపోవును, కాగితము నిలుచును.

వేసవి సెలవులలో ఒక మధ్యాహ్నము దీనికి చాలును. మీ చిన్ననాటి ఆట నొకదానిని ఎన్నుకొని, దానిలో మీకు నచ్చినదేమో పిల్లలకు చెప్పుడు. వారు వినుచు గీయుదురు, గీయుచు అడుగుదురు. వెలిసిన పలక స్థానమున అమ్మ చెప్పగా అమ్మాయి గీసిన బొమ్మ నిలిచిననాడు, ఆ ఆటను తెఱచువారు మరల నుందురు. పాత వస్తువును నిలుపుకొనుటకు దానిని భద్రముగా దాచుట చాలదు. చూచినవారు చేయి చాచునట్లు దానికొక ముఖము నీయవలెను, ఆ ముఖమును దిద్దినవారి పేరును దాని ప్రక్కను నిలుపవలెను.