అన్ని పనులకు ఒకే జూమ్ లెన్సు - ఎట్టిది కొనవలెను?

పత్తి ఆకులు అంచుల వద్ద ముడుచుకొనుచున్నవి. మీరు ఒక ఫోటో తీసి వ్యవసాయ విస్తరణాధికారికి పంపితిరి. ఆకు చక్కగా కనబడుచున్నది గాని, దాని అడుగున నున్నది పచ్చదోమయో, తామర పురుగో తెలియుట లేదు. "దగ్గరగా మరల తీసి పంపుడు" అని జవాబు వచ్చును. ఈ లోపల రెండు దినములు గడచును. లేదా తొందరపడి తగని మందు కొట్టుట జరుగును. ఫోటో సరిగా రాకపోవుటవలన రైతుకు కలుగు నష్టము ఇట్టిది.

రోజువారీ పనికి సెల్ ఫోను చాలును. కాని రైతు సంఘమో, పంచాయతీయో ఒక మంచి కెమెరా కొనదలచినచో, దానికి బిగించు లెన్సును గురించి ముందుగా ఆలోచింపవలెను. పొలములో మాటిమాటికి లెన్సు మార్చరాదు. దుమ్ము లోపల పడును. కావున అన్ని పనులకు అక్కరకు వచ్చు జూమ్ లెన్సు ఒకటి ఎంచుకొనుట మేలు.

"క్రాప్" అనగా పంట కాదు

క్రాప్ సెన్సారు కెమెరా అనగా పంటల కెమెరా అని భ్రమపడరాదు. ఇచ్చట క్రాప్ అను మాటకు అంచులు కత్తిరించినదని అర్థము. పెద్ద సెన్సారు 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉండును. క్రాప్ సెన్సారు వెడల్పు సుమారు 23.5 మి.మీ. మాత్రమే, కెనాన్ కెమెరాలలో ఇంకను కొంచెము తక్కువ. అందుచే అదే లెన్సుతో తీసినను దృశ్యపు అంచులు తెగిపోవును. లెన్సుపై నున్న మిల్లీమీటర్ల సంఖ్యను 1.5 చేత, కెనాన్‌లో 1.6 చేత హెచ్చించినచో, పెద్ద సెన్సారు కెమెరాలో ఏ లెన్సుకు అది సమానమో తెలియును. 18 మి.మీ. ఇచ్చట 27 వలె పనిచేయును.

పొలము లెక్కలో చెప్పవలెనన్న, 10 మీటర్ల దూరమున నిలిచి 18 మి.మీ. వద్ద తీసినచో సుమారు 13 మీటర్ల వెడల్పు ఫోటోలో పట్టును. 55 వద్ద 4 మీటర్లకు కొంచెము పైగా, 140 వద్ద ఒకటిముప్పాతిక మీటరుకు లోపుగా పట్టును. ఇంటి లోపల గ్రామసభ ఫోటో తీయవలెనన్న వెనుకకు జరుగుటకు చోటుండదు. కావున లెన్సు 16 లేక 18 వద్ద మొదలు కావలెను. 24 లేక 28 వద్ద మొదలగు లెన్సు పెద్ద సెన్సారుకు మంచిదే గాని, క్రాప్ సెన్సారుపై ఇరుకుగా నుండును.

పెద్ద సంఖ్య చూచి మోసపోరాదు

18-300 అని వ్రాసియున్న లెన్సు 18-55 కంటె అన్ని విధముల మేలని పలువురు తలతురు. అది సరికాదు. పురుగు ఫోటోకు ముఖ్యమైనది లెన్సు ఎంత దూరము చూచుననునది కాదు. ఎంత దగ్గరకు పోవుననునది. నికాన్ కంపెనీ ఏఎఫ్-పి 18-55 లెన్సు 25 సెం.మీ. దగ్గరకు పోగలదు. అప్పుడు సుమారు 6 సెం.మీ. వెడల్పు గల భాగము ఫోటో నిండ వచ్చును. అదే కంపెనీ ఏఎఫ్-ఎస్ 18-140 లెన్సుకు కనీసము 45 సెం.మీ. దూరము కావలెను, అందు 10 సెం.మీ. వెడల్పు వచ్చును. 24 మెగాపిక్సెల్ ఫోటోలో అడ్డముగా 6000 చుక్కలుండును. 1 మి.మీ. పొడవు గల పురుగుకు మొదటి లెన్సులో దాదాపు 100 చుక్కలు, రెండవ దానిలో 60 చుక్కలు దక్కును. చవకది ఈ పనిలో మిన్న అయినది.

బరువు కూడ చూడవలెను. మొదటిది 205 గ్రాములు, రెండవది 490 గ్రాములు. దినమంతయు మెడలో వేసుకొని గట్లపై తిరుగువారికి ఈ భేదము తెలియును.

ఇక వెలుతురు. ఎఫ్ 3.5-5.6 అని వ్రాసియున్న లెన్సును పొడవుగా సాచినప్పుడు, 18 వద్ద వచ్చు వెలుతురులో రెండున్నర వంతులకు ఒక వంతు మాత్రమే లోపలికి వచ్చును. 17-50 ఎఫ్ 2.8 వంటి లెన్సు ఎఫ్ 5.6 కంటె నాలుగు రెట్లు వెలుతురు నిచ్చును గాని, దూరపు దృశ్యములకు చాలదు.

కొనుటకు ముందు పరీక్ష

విత్తనము కొన్నవెంటనే పొలమంతయు చల్లము. కొన్ని గింజలు మొలకెత్తించి చూతుము. లెన్సుకు కూడ అట్టి పరీక్ష కలదు. హైదరాబాదు వచ్చినవారికి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ, దానిని ఆనుకొనియున్న తార్నాక ఇందుకు అనువైన చోట్లు. మీ ఊరి పిల్లలెవరైనను అచ్చట చదువుచున్నచో వారి సాయము తీసుకొనుడు. లెన్సును ఒక దినమునకు అద్దెకు గాని, ఎరువుగా గాని తెచ్చుకొనుడు.

మొదట ఆర్ట్స్ కాలేజీ ఎదుట నిలువుడు. 1939లో ప్రారంభమైన ఈ భవనము గులాబి రంగు గ్రానైటు రాతితో కట్టబడినది. 18 మి.మీ. వద్ద తీసి, ఫోటోను పెద్దది చేసి, నాలుగు మూలలలోను రాళ్ల అతుకులు చూడుడు. నడుమ స్పష్టముగా, మూలలలో మసకగా నున్నచో అది ఆ లెన్సు లోపము. నిటారు స్తంభములు వంగి కనబడుచున్నవేమో కూడ చూడుడు.

తరువాత ఒక చెట్టు ఆకును లెన్సు పోగలిగినంత దగ్గరగా తీయుడు. ఈనెలు లెక్కింప వీలుండవలెను. పిమ్మట కొమ్మపై పక్షి యేదైన కనబడినచో లెన్సును పూర్తిగా సాచి తీయుడు. 140 వద్ద చేతితో పట్టి తీయునప్పుడు సెకనులో 200వ వంతు వేగము ఉంచుట క్షేమము. చేతి వణుకును సరిదిద్దు ఏర్పాటు ఉన్నచో ఇంకను తక్కువ వేగము చాలును. అయితే ఆ ఏర్పాటు మీ చేతి వణుకునే ఆపును గాని గాలికి ఊగు ఆకును ఆపదు. ఈ సంగతి పొలములో మరువరాదు.

సాయంకాలము తార్నాక చేరుడు. మెట్రో వంతెన నీడలో, దీపములు వెలుగు వేళకు, పండ్ల బండి కనబడినచో యజమాని నడిగి ఒక ఫోటో తీయుడు. పండ్ల రంగు, మనిషి ముఖము స్పష్టముగా వచ్చినచో మీ గ్రామసభకు ఆ లెన్సు చాలును. మెట్రో స్టేషనులోను, ప్రయోగశాలల గేట్ల వద్దను అనుమతి లేనిదే తీయరాదు.

ఏది ఎవరికి?

ముఖ్యముగా ఆకులు, పురుగులు తీయువారికి కెమెరాతో వచ్చు 18-55 చాలును. అదనముగా ఖర్చు చేయనక్కరలేదు. పొలము, పశువులు, సభలు, గట్టున నుండి దూరపు చేను - అన్నియు ఒక్క లెన్సుతో కావలెనన్నవారికి 18-135 లేక 18-140 తగినది. దీపపు వెలుతురులో ఎక్కువగా తీయువారు 17-50 ఎఫ్ 2.8 వంటి దానిని చూడవలెను. 18-300 వంటివి పక్షుల కొరకైనను, చాల దూరపు దృశ్యముల కొరకైనను తప్పనిసరి అయినచో మాత్రమే కొనదగును. ఏది కొన్నను మీ కెమెరా బిగింపుకు సరిపోవునదై యుండవలెను.

పాత లెన్సు కొనువారు దానిని వెలుతురుకు ఎత్తి, అద్దములో సాలెగూడు వంటి బూజు ఉన్నదేమో చూడవలెను. వానకాలములో లెన్సును విత్తనమువలె తేమ తగులకుండ, సిలికా జెల్ పొట్లముతో మూతగల డబ్బాలో భద్రపరచవలెను.

కావున రైతు సోదరులు, గ్రామాధికారులు దుకాణదారు చెప్పు పెద్ద సంఖ్యను గాక, తాము ఏటేట తీయబోవు ఫోటోలను మనస్సులో పెట్టుకొని లెన్సు ఎంచుకొందురు గాక. పురుగు స్పష్టముగా కనబడిన ఫోటో ఒక్కటి సకాలములో అధికారికి చేరినచో, తగని మందుకు పెట్టు డబ్బు మిగులును, పంటయు దక్కును.