కంప్యూటర్ క్రీడలు – గుణదోష విచారణ

ప్రబంధాన్ని కొలిచే కొలతతో శతకాన్ని కొలవరాదు. కంప్యూటర్ క్రీడల విమర్శకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించిన ‘టెట్రిస్’లో కథ లేదు, రాలిపడే ముక్కలను వరుసగా పేర్చడమే ఆట. కథ లేకపోవడాన్ని అక్కడ దోషంగా ఎంచడం అవివేకం. 1993లో వెలువడిన ‘మిస్ట్’లో ఆటగాడు నిర్జన ద్వీపంలో తీరికగా తిరుగుతూ చిక్కుముళ్లు విప్పుతాడు, అదే ఏట వచ్చిన ‘డూమ్’లో క్షణం ఏమరితే ప్రాణానికే ముప్పు. మందగమనం మొదటిదానికి గుణం, రెండవదానికి దోషం.

వీడియో క్రీడలు ఎన్నటికీ కళ కాజాలవని అమెరికా చలనచిత్ర విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2010లో తీర్పు చెప్పాడు. అభ్యంతరాలు వెల్లువెత్తగా, ఆడి చూడకుండా అలా అనవలసింది కాదని అదే ఏట ఒప్పుకొన్నాడు. అభిప్రాయాన్ని మాత్రం విడువలేదు. ఆ నిజాయితీ మెచ్చదగినదే. 2012లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 14 క్రీడలను సేకరించింది. వాటిలో ‘టెట్రిస్’, ‘మిస్ట్’ ఉన్నాయి. ‘డూమ్’కు చోటు దక్కలేదు.