మూడున్నర మిల్లీమీటర్ల తిరకాసు

పాత అమెరికన్ వేట రైఫిళ్లలో స్కోప్‌ మౌంటును చాలావరకు పట్టి ఉంచేది ఒక బుల్లి స్క్రూ. పనివాళ్లు దాన్ని 6-48 అంటారు. 6 అనేది సైజు నంబరు, అంటే 0.138 అంగుళం, మన స్కేలు మీద సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. 48 అనేది అంగుళానికి మరల లెక్క. మామూలు స్క్రూల్లో ఆరో నంబరుకు ముతక మర 32, సన్న మర 40. 48 ఆ రెండింటిలోనూ లేదు. అది తుపాకీ పనివాళ్ల సొత్తు.

అంత సన్న మర ఎందుకంటే, స్కోప్‌ కూర్చునే చోట ఇనుము పల్చన. 5 మి.మీ. లోతే దొరికిందనుకోండి, 32 మరల స్క్రూకు ఆరు చుట్లు పడతాయి, 48కి తొమ్మిది దాటతాయి. పైగా పేలిన ప్రతిసారీ తగిలే కుదుపుకు సన్న మర అంత తేలిగ్గా వదులు కాదు.

అసలు చిక్కు దాని కవలతో. మెట్రిక్ కొట్టులో దొరికే 3.5 మి.మీ. స్క్రూ లావు దాదాపు అంతే. కానీ దాని మరల మధ్య ఎడం 0.6 మి.మీ., దీనిది 0.53. ఒకటి రెండు చుట్లు హాయిగా దిగి, ఆపైన బిగుస్తుంది. ‘పట్టింది’ అనుకుని ఇంకాస్త తిప్పితే రైఫిల్‌లోని మర కాస్తా నాశనం. అసలు దూరనే దూరని స్క్రూ ఇంతకంటే చాలా మంచిది!

మరల ఎడం కొలిచే పిచ్ గేజ్ లేకున్నా గుట్టు తెలుస్తుంది. వరుసగా ఎనిమిది ఎడాలు వెర్నియర్‌తో కొలవండి. 4.2 మి.మీ. వస్తే 6-48, 4.8 వస్తే మెట్రిక్, 5 దాటితే 6-40.

బ్రిటిష్ సరుకైతే మర కోణమే వేరు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ పెట్టిన కోణం 55 డిగ్రీలు, 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ ప్రతిపాదించింది 60. సన్న పనిముట్లకు వాడే బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) మరలది మరీ విడ్డూరం: కోణం 47½ డిగ్రీలు, ఇంగ్లండు సరుకైనా కొలత మిల్లీమీటర్లలో! స్విట్జర్లాండ్ మరల పద్ధతి నుంచి తెచ్చుకున్నారు మరి. సున్నా నంబరు ఎడం 1 మి.మీ.; ఆపై ప్రతి నంబరుకూ ముందుదానిలో పదింట తొమ్మిది వంతులు.

అన్నట్టు, ఆ విట్‌వర్త్ రైఫిల్ కూడా చేశాడు. గొట్టం లోపల ఆరు పలకలు. 1860లో వింబుల్డన్ తుపాకీ పోటీలను విక్టోరియా రాణి ఆరంభించింది దానితోనే. ముందే గురిపెట్టి స్టాండుకు బిగించి ఉంచారు కాబట్టి రాణిగారి గుండు లక్ష్యం నడిబొడ్డునే తగిలింది. తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది గురికాళ్లు కొందరు దాని పక్కన దుర్భిణి బిగించుకున్నారు.

ఇక స్క్రూ మార్చే పని. ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూడాలి. మొండికేసిన స్క్రూ తల మీద వేడి సోల్డరింగ్ ఐరన్ కాసేపు ఆనిస్తే మరలకు పూసిన పాత జిగురు వదులుతుంది. మామూలు స్క్రూడ్రైవర్ మొన కోసుగా ఉండి గాడిలోంచి ఎగదన్నుకొస్తుంది. పలక అంచులు సమంగా ఉన్నదే వాడాలి. కొత్త స్క్రూ పొడవు పాతదానితో సరిచూడాలి. కాస్త పొడవైనా కొన్ని రైఫిళ్లలో బోల్టుకు అడ్డం పడుతుంది.

లోపలి మరే పోయిందా, 0.164 అంగుళాల 8-40కి పెంచడం వాడుక. మౌంటు రంధ్రాన్నీ పెద్దది చేయాల్సిందే. పాత రైఫిళ్లు కొనేవాళ్లు బేరం మొదలుపెట్టేది ఆ రంధ్రం చూశాకే.