పుంగనూరు ఒక జిప్‌లో, కుప్పం మరో జిప్‌లో

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఏ నేల ఎంత ఎత్తున ఉందో తెలిపే సమాచారం ఉచితంగా దొరుకుతుంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల యాత్రలో రాడార్‌తో భూమి ఎత్తుపల్లాలను కొలిచింది. ఎస్‌ఆర్‌టీఎం అని పిలిచే ఆ కొలతలను నాసా ఒక్కో డిగ్రీ గళ్లుగా విడదీసి, ఒక్కో గడిని ఒక్కో జిప్ ఫైల్‌గా ఇస్తోంది. గడికి పేరు దాని నైరుతి మూలను బట్టి వస్తుంది. మదనపల్లె, పుంగనూరు, హార్స్‌లీ హిల్స్ మూడూ ‘ఎన్13ఈ078’లో ఉన్నాయి. 13 డిగ్రీల అక్షాంశానికి దక్షిణాన ఉన్న కుప్పం ‘ఎన్12ఈ078’లోకి వెళ్లింది. తమిళనాడులోని కృష్ణగిరి కూడా ఆ గడిలోదే. హంద్రీ-నీవా పథకంలో పుంగనూరు కాలువ నుంచి చీలి కుప్పం వైపు సాగే కాలువ దారిలో ఎత్తుపల్లాలు చూడాలంటే రెండు ఫైళ్లూ కావాలి.

రెండే అయితే బ్రౌజర్‌లో నొక్కి దించుకోవచ్చు. దేశమంతటి గళ్లు కావాలంటే ఆ పని ప్రోగ్రామ్‌కు అప్పగించాలి. పైథాన్ భాషలో దించడానికి ‘రిక్వెస్ట్స్’, విప్పడానికి ‘జిప్‌ఫైల్’ అనే లైబ్రరీలు ఉన్నాయి. కోడ్ పది పదిహేను వరుసలకు మించదు. కష్టమంతా దారిలో ఏది చెడిందో కనిపెట్టడంలోనే ఉంది.

మొదటి చిక్కు లాగిన్. నాసా ఫైళ్లకు ఖాతా అవసరం. ఆ వివరాలు సరిగ్గా పంపని ప్రోగ్రామ్‌కు జిప్‌కు బదులు లాగిన్ పేజీ రావచ్చు. పేరు చివర ‘జిప్’ అనే ఉంటుంది, లోపల మాత్రం వెబ్ పేజీ. అందుకే వచ్చిన దాని మొదటి రెండు బైట్లు చూడాలి. మామూలు జిప్ ‘పీకే’ అక్షరాలతో మొదలవుతుంది. 1989లో ఈ పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి.

రెండో చిక్కు సగంలో ఆగిన డౌన్‌లోడ్. లోపల ఏయే ఫైళ్లున్నాయో చెప్పే పట్టిక జిప్‌లో చివరన ఉంటుంది. తోక తెగితే పట్టిక పోతుంది, లైబ్రరీ ఆ ఫైల్‌ను తెరవదు. కాబట్టి ముక్కలు ముక్కలుగా తాత్కాలిక పేరుతో రాసుకుంటూ పోయి, మొత్తం చేరాకే అసలు పేరు పెట్టడం మేలు. అప్పుడు సగం ఫైల్‌ను పూర్తి ఫైల్ అనుకునే ప్రమాదం ఉండదు. ప్రతి లోపలి ఫైల్‌కూ సీఆర్‌సీ-32 అనే తనిఖీ సంఖ్య కూడా ఉంటుంది. విప్పాక వచ్చిన బైట్లతో దాన్ని సరిచూసే పని లైబ్రరీయే చేస్తుంది.

తెలియని చోటి నుంచి వచ్చిన జిప్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. లోపలి ఫైల్ పేరులో పై ఫోల్డర్‌కు వెళ్లమనే రెండు చుక్కలు పెట్టి, కంప్యూటర్‌లో వేరే చోటి ఫైళ్లను చెరిపి రాయించవచ్చు. 2018లో ‘జిప్ స్లిప్’ పేరుతో ఈ లోపం చాలా లైబ్రరీల్లో బయటపడింది. పైథాన్ ‘జిప్‌ఫైల్’ అలాంటి చుక్కలను తీసేస్తుంది. జిప్‌లాగే ఫైళ్లను కట్టగట్టే టార్ ఫైళ్లకు ఆ రక్షణ పైథాన్ 3.14 వెర్షన్‌లో గానీ దానంతటదే అమలు కాలేదు. అంతకుముందు ప్రోగ్రామర్ అడిగి పెట్టించుకోవాల్సిందే. పరిమాణమూ ముందే చూడాలి. ‘42.జిప్’ అనే పేరుమోసిన ఫైల్ 42 కిలోబైట్లే, పొరలన్నీ విప్పితే 4.5 పెటాబైట్లు.

ఇక ఎత్తుల గళ్ల సంగతి. సుమారు 30 మీటర్లకు ఒక ఎత్తు చొప్పున ఉన్న గడిని విప్పితే సరిగ్గా 2,59,34,402 బైట్లు రావాలి. 3,601 వరుసలు, వరుసకు 3,601 ఎత్తులు, ఎత్తుకు 2 బైట్లు. ఒక్కటి తగ్గినా ఆ ఫైల్‌ను మళ్లీ దించాలి. ఈ రెండు బైట్లలో పెద్ద విలువది ముందుంటుంది. ఆ వరుస తారుమారైతే 700 మీటర్ల నేల −17,406 మీటర్ల లోతుగా కనిపిస్తుంది. కొలత లేని చోట −32,768 ఉంటుంది, దాన్ని ఎత్తుగా లెక్కించకూడదు. పక్కపక్క గళ్ల అంచు వరుస రెండింటిలోనూ ఉంటుంది కనుక పుంగనూరు గడి అడుగు వరుసను గానీ కుప్పం గడి పై వరుసను గానీ వదిలేసి రెండింటినీ కలపాలి.