నడక నేర్వని బిడ్డలు

ఈ పత్రికలో నారును గూర్చియు నెరువును గూర్చియు వ్రాయువాడను, ఈ నెల వేఱొక సంగతి వ్రాయుచున్నాను.

కొత్తపేట ప్రాంతమున నొక రైతు ఇంటికి కొబ్బరిమొక్కలు చూడబోతిని. అయిదేండ్ల కుమారుని తల్లి చంకనెత్తుకొని తిరుగుచుండెను. వాని కాళ్ళు బిగిసి, కత్తెరవలె నొకదానిపై నొకటి పడుచుండెను. "మూడేండ్లనుండి నూనె రాచుచున్నామండీ, బలము రాలేదు" అని యామె చెప్పెను.

ఇది కాళ్ళ జబ్బు కాదు. పుట్టుకకు ముందో, పుట్టునపుడో, పసితనముననో మెదడునకు దెబ్బ తగులుటచే కండరములు దాని యదుపున నుండవు. దీనిని సెరిబ్రల్ పాల్సీ యందురు. ఇది అంటురోగము కాదు, పాపఫలమును కాదు. ఆ దెబ్బ మానదు, పెరుగదు. కాని బిడ్డ నేర్వగలడు.

నూనె రాచినంత మాత్రమున నడక రాదు. కాలువగట్టున గూర్చుండి యీత నేర్చినవాడు లేడు గదా! బిడ్డ తానై కదలవలయును. ఫిజియోథెరపిస్టు పరీక్షించి యనుమతించిన పిమ్మట ఇంట నిట్లు చేయింపవచ్చును:

పాదములు నేలకు పూర్తిగా నానునట్లు చిన్నబల్లపై గూర్చుండబెట్టి, పలుమారు లేపి నిలుపుడు. పెరటిలో గుంజలు పాతి, బిడ్డ నడుమెత్తున రెండు వెదురుగడలు కదలకుండ గట్టి, వాని నడుమ నడిపింపుడు. ఆవలికొనను అరటిపండు నుంచుడు. అరుగుమెట్టు నెక్కించి దింపుడు. దినమునకు రెండు మూడు మారులు కొంచెము కొంచెముగా చేయింపవలయును, అలసినచో నాపవలయును. బిగిసిన కీలును బలిమిని లాగరాదు. తుంటినొప్పి యున్నచో వైద్యునికి జూపవలయును.

అందఱును నడవగలరని చెప్పను. కొందఱికి చేతికఱ్ఱలు, కొందఱికి చక్రాలకుర్చీ తప్పవు. అయినను బిడ్డ మంచమునుండి తానై లేవగలిగిన చాలు, తల్లి నడుమునకు విశ్రాంతి.

తొమ్మిది నెలలకు గూర్చుండని బిడ్డను, పదునెనిమిది నెలలకు నడవని బిడ్డను వెంటనే చూపింపుడు. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పదునెనిమిదేండ్ల వఱకు పరీక్ష ఉచితము. ఆశా కార్యకర్తను అడుగుడు. భవిత కేంద్రమున విచారింపుడు.

ఆ రైతు కుమారుని చూపించి వచ్చి, గడలు గట్టెను. నాలుగు నెలలకు నేను మరల బోగా, బాలుడు గడలు పట్టుకొని ఆఱడుగులు వేసి నా చేతిసంచి నందుకొనెను. తల్లి చేతులు ఖాళీగా నుండెను. ఆమె వానిని ఎత్తుకొనలేదు.