చిన్న ఉపనది – పెద్ద వరద

పొడవు తక్కువైనంత మాత్రమున నదిని తక్కువగా ఎంచరాదు. మూసీకి ఉపనదియైన ఈసీ ఇందుకు ఉదాహరణము. ఇది వికారాబాదు ప్రాంతపు ఎత్తు నేలలనుండి తూర్పుగా ప్రవహించి, హైదరాబాదులో బాపూఘాట్ చెంత మూసీలో కలియును.

ఏడాదిలో చాలకాలము ఈ నదిలో నీరు స్వల్పము. కాని దీని పరీవాహక ప్రదేశములో గ్రానైటు రాతిపై మన్ను పొర చాలచోట్ల పలుచన. అందుచేత జడివాన కురిసినపుడు కొంత నీరే ఇంకి, మిగిలినది త్వరగా నదిని చేరును. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో వేలాది ప్రజలు మరణించిరి. పిమ్మట వరద ఉద్ధృతిని తగ్గించుటకు, నగరమునకు త్రాగునీరిచ్చుటకు మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను నిర్మింపబడినవి.

సెలవు దినములలో హిమాయత్‌సాగర్ గట్టుకు కుటుంబములు విహారమునకు వచ్చుట పరిపాటి. అట్టివారు ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. జలాశయము నిండినపుడు తలుపులు ఎత్తుదురు. అంతవరకు సన్నగా పారిన దిగువ పాయ కొద్దిసేపటిలో పొంగును. మన తలపై చినుకైనను పడకపోవచ్చును. వాన ఎగువన కురిసియుండును. కనుక విద్యార్థులను విహారమునకు తీసికొనిపోవు ఉపాధ్యాయులు, బయలుదేరుటకు ముందే పటములో ఆ ఎగువ ప్రదేశమును చూపుట మంచిది. నీరు ఎచటినుండి వచ్చునో తెలిసినవాడు వానకాలములో పాయలోనికి దిగడు.