పిత్రార్జితపు పొలము – పంపకపు తగవులు

అన్నదమ్ములు వేఱుపడుట మన పల్లెలకు క్రొత్త గాదు. పెద్దమనుష్యులు కూర్చుండి, మెఱక పొలమును పల్లపు పొలమును విడదీసి, చీట్లు వేసి, ఎవరి పాలు వారికి అప్పగించుట తరతరముల ఆచారము. అట్లు తీఱిన తగవు ఇరువది యేండ్లకు మఱల తల యెత్తుట యేల? ఈ విషయమును శ్రోతలకు కొంత విశదపఱుప దలంచితిమి.

మన ప్రాంతమున హిందూ సమష్టి కుటుంబమునకు ఆధారము మితాక్షర. కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన ఈ ధర్మశాస్త్ర వ్యాఖ్యను కేతన తెనుగు పద్యములలోనికి దెచ్చెను. దీని ప్రకారము పిత్రార్జితమున కుమారునకు పుట్టుకతోడనే హక్కు గలుగును. తండ్రి తన స్వార్జితమును ఎవరికైనను ఇయ్యవచ్చును. పిత్రార్జితమును మాత్రము కుటుంబావసరము లేక అమ్మరాదు. మఱి ఉమ్మడిలో నుండగా పెద్దవాడు తన పేర కొన్న రెండెకరములు ఎవరివి? ఉమ్మడి రాబడితో కొన్నచో అందఱివి. తన సొంత సంపాదనతో కొన్నచో అతనివి. ఆ రాబడికి లెక్క వ్రాసినవారు అరుదు. పెక్కు వ్యాజ్యములకు మూలమిదియే.

రెండవ కారణము ఆడుబిడ్డల హక్కు. ఒక ఉదాహరణమును చూతము. ఒక రైతునకు పండ్రెండెకరముల పిత్రార్జితము. భార్య, ఇద్దఱు కుమారులు, ఒక కుమార్తె. అతడు విల్లు వ్రాయక మరణించెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము మొదట చేసిన యేర్పాటు ప్రకారము తండ్రికిని కుమారులకును తలకు నాలుగెకరములు. తండ్రి పాలు నలుగురు వారసులకు తలకొక యెకరము. కడకు కుమారులకు అయిదేసి యెకరములు, తల్లికి ఒకటి, కుమార్తెకు ఒకటి. నాటి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము 1985లో కుమార్తెకును పుట్టుకతో హక్కు నిచ్చెను. కాని చట్టము అమలులోనికి వచ్చునప్పటికే వివాహమైన వారికి అది వర్తింపలేదు. 2005 సెప్టెంబరు 9న అమలులోనికి వచ్చిన కేంద్ర సవరణము ఆ భేదమును తొలగించెను. ఇపుడు తండ్రికిని ముగ్గురు బిడ్డలకును మూడేసి యెకరములు. తండ్రి పాలు నలుగురికి ముప్పాతిక చొప్పున. అనగా బిడ్డలు ముగ్గురికిని సమముగా మూడుముప్పాతిక యెకరములు, తల్లికి ముప్పాతిక. తండ్రి 2005కు ముందే మరణించినను కుమార్తె హక్కు పోదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పినది.

“పెండ్లినాడు పసుపు కుంకుమల క్రింద ఇచ్చితిమి గదా” అని అన్నలందురు. “పుట్టింటి రాకపోకలు పోవును గదా” అని చెల్లెలు నోరు మెదపదు. ఆమె మౌనము హక్కును వదలుకొనుట కాదు. వదలుకొనదలచినచో రిజిస్టరు దస్తావేజు వ్రాసి యీయవలెను. అదియు అర్థము తెలిసి, ఇష్టపడి చేయవలసినది.

మూడవ కారణము వ్రాత లేమి. తెల్లకాగితముపై ఆనాడే పొలము పంచి వ్రాసిన పత్రము రిజిస్టరు కానిచో పంపకమునకు సాక్ష్యముగా నిలువదు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజు ద్వారా గాని, కోర్టు డిక్రీ ద్వారా గాని జరిగిన పంపకములను 2005 సవరణము కదల్పదు. నోటిమాట పంపకమును న్యాయస్థానములు సామాన్యముగా నమ్మవు. ప్రభుత్వ రికార్డుల బలమున్నప్పుడే, అరుదుగా అంగీకరించును. పాసుపుస్తకమున ఒకరి పేరుండుట మాత్రమున భూమి వారిదే యగునని తలంపరాదు.

వ్యాజ్యము వేసినచో ముందుగా ఎవరికెంత అను ప్రాథమిక డిక్రీ, పిదప పొలము కొలిచి విడదీయుట, ఆపైన తుది డిక్రీ, నడుమ అప్పీళ్లు. ఇంతలో వేసినవారి బిడ్డలు వాది ప్రతివాదులగుదురు. అందఱును బ్రదికియుండగనే ఆడుబిడ్డలను గూడ పిలిచి పంచుకొనుట మేలు. సర్వే నంబరు, విస్తీర్ణము, హద్దులు వ్రాసిన చాలదు. బావి నీటి వంతులు, బోదె పాఱు త్రోవ, బండిదారి, కుటుంబపు అప్పులో ఎవరి భాగమెంత, తల్లి పోషణ యెవరిది—ఇవి గూడ వ్రాయవలెను. గట్లు వేసికొన్న పిదపను నీరు ఒకరి చేనిమీదుగనే మఱియొకరి చేనికి పోవలసియుండును.